రాణిగంజ్‌లో మా బేరింగుల దుకాణం: రేటు కాస్త ఎక్కువే, అయినా ఆర్డరు అక్కడికే

ముందే చెప్పేస్తాను, దుకాణం పేరు ఇక్కడ రాయడం లేదు. రాయనా అని దుకాణం నడిపే సేఠ్‌నే అడిగాను. "వద్దు మేడమ్. మీరు మంచిగ రాస్తరు, రేపు పొద్దున షటర్ ఎత్తకముందే పది మంది నిలబడి డిస్కౌంట్ అడుగుతరు" అన్నారు. కాబట్టి సికింద్రాబాద్‌లో రాణిగంజ్ బస్ డిపో దాటాక ఆర్పీ రోడ్డు వైపు పోయే సందుల్లో ఒక దుకాణం అనుకోండి. బేరింగులు, ఆయిల్ సీళ్ళు, వీ-బెల్టులు, కొద్దిగా చెయిన్లు, స్ప్రాకెట్లు అమ్ముతారు. ఆ సందుల్లో తిరిగేవాళ్ళు ఇట్టే పోల్చుకుంటారు. తిరగనివాళ్ళకు పేరు కన్నా దుకాణం పద్ధతి తెలిస్తే ఎక్కువ పనికొస్తుంది.

నేను జీడిమెట్లలో ఫార్మా కంపెనీలకు బ్లెండర్లు, సిఫ్టర్లు, కన్వేయర్లు తయారుచేసే చిన్న యూనిట్‌లో పర్చేజ్ చూస్తాను. తలుపు మీద పర్చేజ్ డిపార్ట్‌మెంట్ అని బోర్డు ఉంది గానీ, లోపల ఉండేది నేనూ, ఒక కంప్యూటరూ. స్టెయిన్‌లెస్ షీట్లు, మోటార్లు, గేర్‌బాక్సుల బేరం ఓనర్ గారే చూసుకుంటారు. డబ్బులో ఎక్కువ భాగం వాటికే పోతుంది. నాకు మిగిలేది చిల్లర సామాను, ఖర్చును బట్టి సామానును మూడుగా విడగొట్టే ఏబీసీ లెక్కలో సీ క్లాస్ అంటారే, అది. ఆ సీ క్లాస్ వస్తువు ఒకటి రాక, పాలిషింగ్ కూడా అయిపోయిన మెషిన్ డిస్పాచ్ కాకుండా షెడ్డులో పడి ఉంటుంది. 1983లో పీటర్ క్రాల్జిక్ అనే ఆయన కొనుగోళ్ళను నాలుగు గళ్ళుగా విడగొట్టి చూపించాడు. ఒకవైపు లాభం మీద దాని ప్రభావం, ఇంకోవైపు సరఫరాలో ఉండే రిస్క్. ఖర్చు తక్కువే గానీ దొరక్కపోతే పని ఆగిపోయే వస్తువులున్న గడికి బాటిల్‌నెక్ అని పేరు. ట్రైనింగ్ క్లాసుల్లో ఆ బొమ్మ చూపిస్తారు, మనం తల ఊపి టీ తాగి వచ్చేస్తాం. సీట్లో కూర్చోగానే మళ్ళీ 200 రూపాయల బేరింగుకు మూడు కొటేషన్లు తెప్పించి, 7 రూపాయలు తక్కువ రాసినవాళ్ళకు పీఓ, అంటే కొనుగోలు ఆర్డరు, పెడతాం.

ఈ దుకాణంలో ఆ 7 రూపాయలు మిగలవు. అది తెలుసుకునే వెళ్ళండి.

ముందు నుంచి చూస్తే చిన్న దుకాణం, లోపలికి పొడుగ్గా పోతుంది. రెండు పక్కలా పైకప్పు దాకా ర్యాకులు, వాటి అంచుల మీద మార్కర్‌తో రాసిన నంబర్లు. కౌంటర్ గాజు కింద గ్రీజు మరకలు పడ్డ పాత ప్రైస్ లిస్టులు, పక్కనే ఒక వెర్నియర్ కాలిపర్. గోడకు కంపెనీ ఇచ్చిన ఆథరైజ్డ్ స్టాకిస్ట్ సర్టిఫికెట్. ఇలాంటి సర్టిఫికెట్ చాలా చోట్ల కనిపిస్తుంది. దగ్గరికెళ్ళి ఏ సంవత్సరం వరకు చెల్లుతుందో చదవండి, కొన్నిటికి ఫ్రేము మాత్రమే కొత్తది. ఇక్కడిది ఈ ఏడాదిదే. కౌంటర్‌లో ఉండే పెద్దాయనను అందరూ చాచా అంటారు, నేనూ అంతే. సేఠ్‌కు నేను మేడమ్‌ని, చాచాకు బేటాని.

ఒకసారి డ్రయ్యర్ బ్లోవర్ షాఫ్టుకు 25×47×7 ఆయిల్ సీల్ అడిగాను. వేరే చోటైతే డబ్బాలోంచి తీసి కౌంటర్ మీద పెట్టేసేవారు. చాచా ర్యాకు దాకా వెళ్ళిన చెయ్యి ఆపి, "అక్కడ వేడి ఎంత బేటా?" అన్నారు. డిజైన్ వాళ్ళకు ఫోన్ చేస్తే 140 డిగ్రీలు ఉంటుందన్నారు. మామూలు నైట్రైల్ రబ్బరు 100 డిగ్రీల దాకా బాగానే పనిచేస్తుంది, ఆ పైన గట్టిపడి లిప్, అంటే షాఫ్టును ఆనుకునే అంచు, పగులుతుంది. వైటన్ అయితే 200 దాకా తట్టుకుంటుంది, ధర మాత్రం ఎన్నో రెట్లు. "నైట్రైల్ అమ్మేస్తే ఇయ్యాల నాకు తేలికే. నెల తర్వాత మీరు నా మీదికి వస్తరు" అన్నారు. వైటన్‌లో ఆ సైజు తన దగ్గర లేదు. రెండు దుకాణాల అవతల దొరుకుతుందని చెప్పి అక్కడికి పంపారు. లేనిదాన్ని లేదనడం రాణిగంజ్‌లో అంత మామూలు విషయం కాదు. "ఉంది, సాయంత్రానికి పంపిస్తా" అని పీఓ తీసుకుని, ఆ తర్వాత ఊరంతా వెతికేవాళ్ళే ఎక్కువ.

నాకు గురి పూర్తిగా కుదిరింది మాత్రం నకిలీ బేరింగుల గొడవలో. మా ఓనర్ గారికి ఒక ఎగ్జిబిషన్‌లో బయటి ఊరి సప్లయర్ పరిచయమయ్యాడు. పెద్ద విదేశీ బ్రాండు 6205 నంబరు బేరింగులు, ఇక్కడి రేటులో మూడింట రెండు వంతులకే ఇస్తానన్నాడు. సరుకు వచ్చింది. ఇన్‌వర్డ్‌లో, అంటే సరుకు దించుకునే చోట, నంబరు చూశారు, కొలిచారు: లోపలి వ్యాసం 25, బయటిది 52, వెడల్పు 15 మిల్లీమీటర్లు. కొలతలన్నీ సరే. మా ఫిట్టర్‌కు మాత్రం నచ్చలేదు. చేత్తో తిప్పుతుంటే గరగరమంటోందన్నాడు. ఒకటి బ్యాగులో వేసుకుని రాణిగంజ్ వెళ్ళాను.

చాచా దాన్ని వెంటనే చేతిలోకి తీసుకోలేదు. ముందు తన ర్యాకులోంచి అదే నంబరు తీసి, ప్యాకెట్ విప్పి, ఒక తెల్ల కాగితం మీద రెండూ పక్కపక్కన పెట్టారు. కాగితాన్ని ట్యూబ్‌లైటు కిందికి జరిపి నన్నే చూడమన్నారు. ఆయన దాని మీద అక్షరాలన్నీ ఒకే మందంలో ఉన్నాయి. మా దాని మీద ఒక అంకె కాస్త పక్కకు ఒరిగి, అంచులు మసకబారి ఉంది. బయటి రింగు అంచు మీద గోటితో గీస్తే ఆయనది నున్నగా పోయింది, మాది ఒకచోట తగిలింది. షీల్డు, అంటే పక్కనుండే మూత, కూడా ఒక పక్క సరిగ్గా కూర్చోలేదు. డబ్బాలు పక్కపక్కన పెడితే నీలం రంగులోనే తేడా. నాకు అర్థమైపోయింది, నకిలీయే కదా అన్నాను. చాచా ఒప్పుకోలేదు. "చూసి చెప్పేటోణ్ణి నేను కాదు బేటా. నేను అట్ల చెప్తే నా సరుకు అమ్ముకోనీకి చెప్పినట్టుంటది. కంపెనీ చెప్పాలె."

ఆయన అన్నది నిజమే. ఇప్పుడు నకిలీల మీద మార్కింగు ఎంత బాగా కొడుతున్నారంటే, కంటితో చూసి తేల్చేయొద్దని బేరింగు కంపెనీలే చెబుతున్నాయి. ఎస్‌కేఎఫ్‌కు ఆథెంటికేట్ అనే యాప్ ఉంది, బేరింగు, డబ్బా ఫోటోలు తీసి పంపితే వాళ్ళ నిపుణులు చూస్తారు. మిగతా పెద్ద కంపెనీలకూ ఇలాంటి ఏర్పాట్లు ఉన్నాయి. సేఠ్ గారి అబ్బాయి అక్కడే అన్ని వైపుల నుంచీ ఫోటోలు తీసి కంపెనీకి పంపించాడు. తమది కాదని జవాబు వచ్చింది. ఆ సరుకు మెషిన్లలోకి పోకముందే పక్కన పెట్టించాం. ఓనర్ గారు ఆ సప్లయర్‌తో ఏం మాట్లాడారో నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. ఇక్కడ నేను గమనించింది ఒకటే. మా దగ్గర ఒక పోటీదారుణ్ణి తన్ని తరిమేసే అవకాశం చాచా చేతికి వచ్చింది, ఆయన వాడుకోలేదు.

రేటు సంగతికి వద్దాం. బేరింగుల వ్యాపారంలో ఎవరూ ధర చెప్పరు, లిస్ట్ మీద డిస్కౌంట్ చెబుతారు. కంపెనీ ప్రైస్ లిస్ట్ మారినప్పుడల్లా ఆట మొదలవుతుంది. ఒకరు కొత్త లిస్ట్ మీద పెద్ద శాతం రాస్తారు, ఇంకొకరు పాత లిస్ట్ మీద చిన్న శాతం రాస్తారు. శాతం పెద్దదైతే చౌక అనుకుంటారు మా అకౌంట్స్ వాళ్ళు. అందుకే నా కంపారిజన్ షీటులో డిస్కౌంట్ కాలమే తీసేశాను. నెట్ రేటు, ఫ్రైట్, ఎన్ని రోజుల ఉధార్, అంతే. అలా చూస్తే ఈ దుకాణం మార్కెట్లో అతి తక్కువ రేటు కన్నా 3, 4 శాతం పైనే ఉంటుంది. బేరమాడితే 1 శాతం దిగుతారు, తర్వాత చాయ్ తెప్పిస్తారు. చాయ్ వచ్చిందంటే ఇక దిగరని అర్థం.

బిల్లు విషయంలో మాత్రం వీళ్ళకు వంక పెట్టలేను. "బిల్లు కావాల్నా?" అనే ప్రశ్న ఆ బజారుకు కొత్తేమీ కాదు. ఇక్కడ ఆ ప్రశ్న ఎప్పుడూ వినలేదు. మేం కట్టిన 18 శాతం జీఎస్టీ మాకు క్రెడిట్‌గా రావాలంటే, అంటే మేం కట్టాల్సిన పన్నులోంచి తగ్గాలంటే, సప్లయర్ తన జీఎస్టీఆర్-1 అనే అమ్మకాల రిటర్న్‌లో మా బిల్లు ఎక్కించాలి. నెలనెలా వేసేవాళ్ళకు గడువు తర్వాతి నెల 11, మాకు రావాల్సిన క్రెడిట్ చూపించే 2బి స్టేట్‌మెంట్ తయారయ్యేది 14న. అందులో బిల్లు కనిపించకపోతే క్రెడిట్ తీసుకోవడానికి వీల్లేదు, 2022 జనవరి నుంచి అదే నిబంధన. 5 కోట్ల లోపు టర్నోవర్ ఉన్నవాళ్ళు మూడు నెలలకోసారి రిటర్న్ వేసుకోవచ్చు. అలాంటివాళ్ళు మొదటి రెండు నెలల్లో ఐఎఫ్ఎఫ్ అనే సౌకర్యంలో బిల్లులు ఎక్కించకపోతే మన డబ్బు అంతకాలమూ ఇరుక్కుపోతుంది. 3 శాతం తగ్గించి 18 శాతం ఆపేసేవాళ్ళు చౌక ఎలా అవుతారో ఇప్పటిదాకా నాకు ఎవరూ చెప్పలేకపోయారు. ఈ సేఠ్ బిల్లులు 14న చూస్తే ఉంటాయి. ఫోన్ చేసి అడగాల్సిన పనిలేని సప్లయర్లు నా లిస్టులో చాలా తక్కువ మంది.

సరుకు వెనక్కి పంపాల్సి వచ్చినప్పుడు ఎలా ఉంటారన్నది నాకు ఇంకా ముఖ్యం. ఏ సప్లయర్‌నైనా నేను అంచనా వేసేది అక్కడే. ఒకసారి బీ-52 బెల్టులకు పీఓ పెడితే ఏ-52 వచ్చాయి. బీ సెక్షన్ బెల్టు పై వెడల్పు 17 మిల్లీమీటర్లు, ఏ అయితే 13. బీ పుల్లీలో వేస్తే గాడి అడుగుకు దిగిపోయి జారుతుంది. ఇలాంటప్పుడు చాలామంది ముందు పీఓ కాపీ మళ్ళీ పంపమంటారు, తర్వాత ఫోన్లో ఎవరు ఏం చెప్పారని పంచాయితీ పెడతారు, చివరికి "తర్వాతి బిల్లులో అడ్జస్ట్ చేద్దాంలే మేడమ్" అంటారు. ఆ అడ్జస్ట్ అనే మాట వింటేనే నాకు టెన్షన్. ఏ బిల్లులో ఎంత అడ్జస్ట్ అయిందో ఆడిట్ టైమ్‌కు ఎవరికీ గుర్తుండదు. ఇక్కడ బెల్టులు తిరిగి వెళ్ళిన రోజే క్రెడిట్ నోట్, అంటే మేం కట్టాల్సింది తగ్గించే కాగితం, మెయిల్‌లో వచ్చింది, అదే నెల రిటర్న్‌లోనూ ఎక్కింది. ఎవరు తప్పు చేశారని ఎవరూ అడగలేదు.

ఉధార్ 30 రోజులు. 31వ రోజున సేఠ్ ఫోన్ నాకు రాదు, నేరుగా ఓనర్ గారికి పోతుంది. మొదట్లో చిరాకేసేది. తర్వాత ఆయన వైపు నుంచి ఆలోచించాను. మా కస్టమర్లు పెద్ద కంపెనీలు, 90 రోజులకు గానీ వాళ్ళ దగ్గర ఫైలు కదలదు. మాలాంటి చిన్న తయారీదారులకు ఎక్కువలో ఎక్కువ 45 రోజుల్లో చెల్లించాలని చిన్న పరిశ్రమల కోసం తెచ్చిన 2006 నాటి ఎమ్ఎస్ఎమ్ఈడీ చట్టంలోనే ఉంది. ఆలస్యమైతే ఆర్‌బీఐ బ్యాంక్ రేటుకు మూడు రెట్ల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. ఆ వడ్డీ అడిగితే మళ్ళీ ఆర్డరు రాదని ఎవరూ అడగరు. 2023 ఫైనాన్స్ యాక్ట్‌తో ఆదాయపు పన్ను చట్టంలోకి 43బి(హెచ్) సెక్షన్ వచ్చాక కొంచెం కదలిక వచ్చింది. గడువులో కట్టకపోతే ఆ ఖర్చును ఆ ఏడాది పన్ను లెక్కలో చూపించుకోలేరు కాబట్టి మార్చి నెలలో వాళ్ళే ఫోన్ చేసి, చిన్న పరిశ్రమగా నమోదైనట్టు చెప్పే ఉద్యమ్ సర్టిఫికెట్ అడుగుతున్నారు. కానీ సేఠ్ తయారీదారు కాదు, వ్యాపారి. వ్యాపారులకు 2021 జూలైలో ఉద్యమ్ రిజిస్ట్రేషన్ తిరిగి ఇచ్చినా అది బ్యాంకుల ప్రయారిటీ సెక్టార్ రుణాల వరకే. 45 రోజుల నిబంధన ఆయనకు వర్తించదు. ఆయన చేతిలో ఉన్నదల్లా ఆ ఫోనే. అందుకని ఇప్పుడు గడువుకు ముందే నేను అకౌంట్స్ టేబుల్ దగ్గర నిలబడి చెక్కు సంగతి అడుగుతున్నాను.

దాని ఫలితం ఒకసారి కళ్ళారా చూశాను. 22210 స్ఫెరికల్ రోలర్ బేరింగులకు మార్కెట్లో కొరత వచ్చింది. తెలిసిన దుకాణాలన్నీ వచ్చే నెల అన్నాయి. ఆన్‌లైన్‌లో ఉన్నవాటికి నోటికొచ్చిన ధర. సేఠ్ దుకాణంలో అడిగితే, పై ర్యాకులో వెనకాల మిగిలిన కొద్ది డబ్బాలకు రబ్బరు బ్యాండు వేసి, దాని కింద మా కంపెనీ పేరు రాసిన చీటీ పెట్టి ఉంది. నేను అడగకముందే పెట్టారు. మామూలు రేటుకే బిల్లు వేశారు.

అలాగని మొత్తం ఆర్డర్లు వీళ్ళకే ఇవ్వను. అదే బజారులో ఇంకో దుకాణానికి పావు వంతు దాకా ఇస్తుంటాను. ఈ విషయం సేఠ్‌కు తెలుసు, ఆ దుకాణంలో ఏం కొంటున్నానో కూడా తెలుసు. రాణిగంజ్‌లో రహస్యాలు ఉండవు. ఒక్కరి మీదే ఆధారపడితే ఆ ఇంట్లో పెళ్ళయినా మన లైన్ ఆగుతుంది, పోయినేడాది వాళ్ళ అమ్మాయి పెళ్ళికి నిజంగానే షటర్ మూసి ఉంది.

ఇక లోపాలు. అన్నిటికన్నా పెద్దది డెలివరీ. ఒకే కుర్రాడు, ఒకే బండి, మూడు దుకాణాల సరుకు. బాలానగర్, జీడిమెట్ల, గాజులరామారం అన్నీ కలిపి ఒక చుట్టు వేసుకుంటాడు. మధ్యాహ్నం అన్నది సాయంత్రం ఆరుకు వస్తుంది, అప్పటికి మా స్టోర్స్ అబ్బాయి తాళం వేసి వెళ్ళిపోతాడు. ఫోన్ చేస్తే "ఫతేనగర్‌లో ఉన్నా మేడమ్" అంటాడు. ఎప్పుడు చేసినా ఫతేనగర్‌లోనే ఉంటాడు. అర్జెంటైతే నేనే పోర్టర్ యాప్‌లో బండి బుక్ చేసి తెప్పించుకుంటాను, ఆ ఖర్చు మాదే. ఈ ఖర్చు కలిపితే 4 శాతం కాస్తా ఇంకొంచెం పెరుగుతుంది, నిజాయితీగా అదీ లెక్కలో వేసుకోండి.

రెండోది కాగితాలు, అంటే బిల్లులు కాకుండా మిగతావి. మాకు ఐఎస్ఓ 9001 అనే క్వాలిటీ సర్టిఫికెట్ ఉంది. అందులో 8.4 క్లాజు ప్రకారం సప్లయర్లను ఎలా ఎంచుకున్నాం, ఎలా బేరీజు వేస్తున్నాం అనేదానికి రికార్డు ఉండాలి. ఆ ఫారం పంపితే చాచా నింపి ఇచ్చారు. క్వాలిటీ పాలసీ అన్న చోట "అస్లీ మాల్" అని రాసి దుకాణం స్టాంపు కొట్టారు. ఆడిటర్ దాన్ని ఒకటికి రెండుసార్లు చదివి, ఏమీ అనకుండా పేజీ తిప్పారు.

బోల్టులు, నట్లు ఇక్కడ కొనకండి. కిలోల లెక్కన అమ్ముతారు గానీ అది వాళ్ళ పని కాదు. 8.8 గ్రేడు బోల్టు తల మీద ఆ అంకె, తయారీదారు గుర్తు రెండూ ఉండాలి. మొదటి 8 అంటే 800 మెగాపాస్కల్స్ బలం, తర్వాతి 8 అంటే అందులో 80 శాతం దగ్గర శాశ్వతంగా సాగడం మొదలవుతుందని. ఇక్కడి కుప్పలో కొన్నిటికి అంకె ఉంది, కొన్నిటికి లేదు. స్టెయిన్‌లెస్ 316 బోల్టులు అయితే అసలు అడగొద్దు. 304లో ఉండని మాలిబ్డినం 316లో ఉంటుంది, అది కంటికీ తెలియదు, అయస్కాంతానికీ తెలియదు. టెస్ట్ సర్టిఫికెట్ లేకుండా తీసుకోకూడని వస్తువు అది. సర్టిఫికెట్ అడిగితే సేఠ్ నవ్వి, పక్క సందు చూపిస్తారు.

వెళ్ళాలనుకుంటే పదిన్నర తర్వాత వెళ్ళండి, ఆదివారం మూత. కారు తీసుకెళ్తే పార్కింగ్ దొరికేలోపు కొనాల్సిన వస్తువు మర్చిపోతారు. ప్యారడైజ్ మెట్రోలో దిగి ఆటో పట్టుకోవడం మేలు. ఎంక్వైరీ పంపేటప్పుడు నంబరు చివరి దాకా రాయండి. ఉత్త 6205 అంటే సరిపోదు. ఇనుప షీల్డా, రబ్బరు సీలా, చివర సీ3, అంటే లోపల సందు కాస్త ఎక్కువని చెప్పే గుర్తు, ఉందా లేదా అన్నీ కావాలి. వేడెక్కే మోటారుకు సీ3 లేని బేరింగు వేస్తే లోపల సందు చాలక బిగుసుకుపోవచ్చు. అదే రబ్బరు సీలును ఎస్‌కేఎఫ్ వాళ్ళు 2ఆర్ఎస్1, 2ఆర్ఎస్‌హెచ్ అంటే, ఎన్ఎస్‌కే వాళ్ళు డీడీయూ అంటారు, ఎన్‌టీఎన్ వాళ్ళు ఎల్ఎల్‌యూ అంటారు. ఏది రాసినా చాచాకు తెలుస్తుంది, ఖాళీగా వదిలేస్తే మాత్రం జవాబు రాదు. వాట్సాప్‌లో తుప్పు పట్టిన బేరింగు ఫోటో పంపి "ఇది కావాలి" అన్నా రాదు. ఆ తుప్పుదాన్నే చేత్తో పట్టుకెళ్ళండి. గుడ్డతో తుడిచి, కాలిపర్ పెట్టి, అక్కడికక్కడే నంబరు చెబుతారు.

నా మార్కులు అయిదుకు నాలుగు. కోసిన ఒక్క మార్కూ డెలివరీదే. ఇంకో కుర్రాణ్ణి పెట్టుకుంటామని సేఠ్ గారి అబ్బాయి అంటున్నాడు. పెట్టుకుంటే వచ్చి మార్కులు మారుస్తాను.